ఫ్యాక్టరీ తూటాల్లో తేడాలు కనిపెట్టేది ఎట్లా: డబ్బా కొన్నకాడ నుంచి ఖాళీ కేసు ఏరుకునే దాకా

రెండేళ్ళ కింద ఒక ఆదివారం పొద్దున మా తమ్ముడి కొడుకు .22 రైఫిల్‌తో ప్రాక్టీసు చేస్తా ఉన్నాడు, నేను పక్కన కూర్చొని స్కోపులో టార్గెట్ చూస్తా ఉన్నా. పదమూడో రౌండో పద్నాలుగో రౌండో గుర్తులేదు, ఎప్పుడూ 'టప్' మనేది ఆ సారి 'టుస్' మనింది, సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టు. టార్గెట్ మీద కొత్త చిల్లు లేదు. వాడు మామూలుగానే బోల్టు (ఛాంబర్‌ను, అంటే తూటా కూర్చునే చోటును, వెనక నుంచి మూసే కడ్డీ) లాగి ఖాళీ కేసు, అంటే కాల్చినాక మిగిలే ఇత్తడి గొట్టం, పడేసి ఇంకో రౌండు పెట్టబోయినాడు, నేను గబుక్కున చెయ్యి పట్టుకొని ఆపినా. బోల్టు తీసేసి వెనక నుంచి క్లీనింగ్ రాడ్ తోస్తే జానెడు లోపలికి పోయి టక్కుమని ఆగింది. బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కొని ఉంది. దాని వెనకాల ఇంకోటి కాల్చింటే బ్యారెల్ ఉబ్బిపోయేది, అదృష్టం బాగలేకుంటే పిల్లోడి మొహం మీదికే వచ్చేది.

ఆ డబ్బా కొత్తది, సీలు నా చేత్తోనే అప్పుడే కోసినా. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇది ఏ కంపెనీ డబ్బాలోనైనా జరగొచ్చు, పేరు చెప్తే మీరు ఆ ఒక్క పేరే గుర్తు పెట్టుకొని మిగతావాటిని గుడ్డిగా నమ్మేస్తారు.

నేను ఆర్మీలో ఆర్మరర్, అంటే ఆయుధాలు చూసి బాగుచేసే పని చేసి వచ్చినోడిని, ఇప్పుడు చిత్తూరులో ఉంటా. మా పక్క లైసెన్సు తుపాకీ ఉండేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. తోటలు పొలాలు ఉండే పాత కుటుంబాల్లో తాతల నాటి .315 రైఫిల్, బ్యాంకుల దగ్గర గార్డు డ్యూటీ చేసే మా మాజీ సైనికుల దగ్గర 12 బోరు, ఇంక తిరుపతి చిత్తూరు కాలేజీల్లో ఎన్‌సీసీలో .22 పట్టుకొని ఆ ఇష్టంతో షూటింగులోకి వచ్చిన పిల్లోళ్ళు. ముగ్గురూ నన్ను అడిగేది ఒకటే, "అన్నా, సీలున్న డబ్బా కదా, ఇంకేం చూడాల?" అని. చూడాల్సింది చానా ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇది లైసెన్సు ఉన్నోళ్ళకి, రేంజిలో పెద్దవాళ్ళ పర్యవేక్షణలో కాల్చేవాళ్ళకి మాత్రమే. తూటాను విప్పడం, మందు మార్చడం, బుల్లెట్ పీకి మళ్ళీ కొట్టడం లాంటివి ఏవీ ఇక్కడ లేవు, చేయొద్దు కూడా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, పైగా ప్రాణానికి ముప్పు. మన పని చూసేది, కొలిచేది, అనుమానం ఉంటే పక్కన పెట్టేది, అంతే.

అసలు ఫ్యాక్టరీ నుంచి చెడ్డ తూటా ఎట్లా వస్తుంది

బల్బు తయారు చేస్తే వెలిగించి చూసి డబ్బాలో పెట్టొచ్చు. తూటా అట్లా కాదు, కాల్చి చూస్తే అది అయిపోయినట్టే. అందుకని ఫ్యాక్టరీలో ప్రతి లాట్ నుంచి, అంటే ఒక విడతలో చేసిన గుంపు నుంచి, కొన్ని తీసి కాలుస్తారు, ప్రెషర్ కొలుస్తారు, వేగం కొలుస్తారు, అవి బాగుంటే లాట్ మొత్తం పాస్. మిగతావాటికి బయటి కొలతలు, బరువు, కంటి చూపు, ఇప్పుడైతే కెమెరాలు. అంటే మన చేతికి వచ్చేది ఎప్పుడూ కాల్చి చూడని తూటానే. వేలల్లో ఒకటి తేడాగా ఉంటే శాంపిల్లో అది పడకపోవచ్చు, మన మ్యాగజైన్‌లో పడొచ్చు.

తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే తయారీ రోంత తెలుసుకోవాల. కేసు అనేది 70 పాళ్ళు రాగి 30 పాళ్ళు జింకు కలిసిన ఇత్తడి. గుండ్రటి బిళ్ళను గిన్నె మాదిరి నొక్కి, ఆ గిన్నెను లాగి లాగి గొట్టం చేస్తారు. లాగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది, అందుకని మధ్యలో వేడి చేసి మెత్తబరుస్తారు, దాన్ని అనీలింగ్ అంటారు. మెడ దగ్గర, అంటే బుల్లెట్ కూర్చునే మూతి దగ్గర, ఈ వేడి సరిగ్గా తగలకపోతే మెడ చీలుతుంది. తర్వాత అడుగున గుంట నొక్కి, మధ్యలో నిప్పు పోయే చిన్న చిల్లు వేసి, క్యాప్, అంటే తుపాకీ పిన్ కొడితే పేలే మసాలా ఉండే చిన్న గిన్నె, కూర్చోబెడతారు. ఆ చిల్లు పడకపోయినా, క్యాప్ వంకరగానో తలకిందులుగానో కూర్చున్నా తూటా పేలదు. తర్వాత మందు పోస్తారు, మందు పోసే గొట్టంలో గుళికలు అడ్డం పడి ఆగితే ఒక తూటాకు సగం, ఒక తూటాకు అసలే లేకుండా పోతుంది. చివర బుల్లెట్ పెట్టి మెడ నొక్కుతారు, ఎక్కువ నొక్కితే భుజం, అంటే కేసు మెడకు సన్నబడే చోటు, ఉబ్బి ఛాంబర్లోకి పోదు, తక్కువ నొక్కితే బుల్లెట్ వదులు.

.22 సంగతి వేరే. దానికి మధ్యలో క్యాప్ ఉండదు, పేలే మసాలా అడుగు అంచులోపల చుట్టూరా ఉంటుంది. తయారీలో తడి మసాలా ఒక బొట్టు వేసి కేసును గిరగిరా తిప్పి అంచుల్లోకి పంపిస్తారు. అది ఒక పక్క పట్టకుండా ఉండిపోతే, పిన్ సరిగ్గా ఆ పక్కనే తగిలితే, మిస్ ఫైర్. .22లో మిస్ ఫైర్లు సెంటర్ ఫైర్, అంటే మధ్యలో క్యాప్ ఉండే తూటాల కంటే ఎక్కువ కనిపించేది ఇందుకే, దానికి మీ రైఫిల్‌ను తిట్టుకోవద్దు.

కొనేటప్పుడే

డీలర్ కౌంటర్ దగ్గర తొందర పడొద్దు. లైసెన్సు బుక్కులో ఎంట్రీ వేసే లోపల డబ్బా చేతిలోకి తీసుకోండి. సీలు తిరిగి అంటించినట్టు ఉందా, అట్ట తడిసి ఆరిన మరక ఉందా, లాట్ నంబరు కనిపిస్తా ఉందా. లాట్ నంబరు గీకేసిన డబ్బా, లేదా లూజుగా కవర్లో పోసి ఇచ్చే తూటాలు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. రెండు డబ్బాలు తీసుకుంటే రెండూ ఒకే లాట్ అయ్యేట్టు అడగండి, ఇస్తారు, అడిగేవాళ్ళు లేక ఇయ్యరు అంతే.

తూటా అడుగున చెక్కిన గుర్తును హెడ్ స్టాంప్ అంటారు. మన దేశపు వాటిలో కేఎఫ్ అంటే ఖడ్కీ ఫ్యాక్టరీ, పాత పేరు కిర్కీ కాబట్టి కే. ఓఎఫ్‌వీ అంటే వరణ్‌గావ్. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలు చేసినాక ఈ తూటాల ఫ్యాక్టరీలు మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చినాయి. డబ్బా మీద ఒకటి, హెడ్ స్టాంప్ మీద ఇంకోటి ఉంటే, లేదా ఒకే డబ్బాలో రెండు మూడు రకాల గుర్తులు కనిపిస్తే అది ఎవరో కలిపిన డబ్బా, వెనక్కి ఇచ్చేయండి. బ్యారెల్ మీద రాసిన క్యాలిబర్, డబ్బా మీది క్యాలిబర్, హెడ్ స్టాంప్ మూడూ గట్టిగా చదివి సరిచూడండి, ఇది చిన్నపిల్లల పని అనుకోవద్దు, దాదాపుగా పట్టే వేరే తూటా పెట్టి రైఫిల్ పోగొట్టుకున్నోళ్ళు ఉన్నారు.

ఇంట్లో, పగటి వెలుగులో, ఒక్కొక్కటిగా

దీనికి అరగంట కేటాయించండి. పొద్దున వెలుగు వచ్చే కిటికీ పక్కన బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, ఒక భూతద్దం, ఒక చిన్న అద్దం ముక్క. రైఫిల్ ఆ గదిలోనే ఉండకూడదు, అది బీరువాలో తాళం వేసి ఉండాల. పిల్లోళ్ళు లోపలికి రాకూడదు. చేతులు నూనె లేకుండా కడుక్కోండి.

ఒక్కో తూటాను రెండు వేళ్ళతో పట్టుకొని మెల్లగా తిప్పతా మెడ నుంచి అడుగు దాకా చూడండి. మెడ మీద వెంట్రుక లాంటి నల్ల గీత నిలువుగా కనిపిస్తే అది గీత కాదు, బీట. గోరుతో అడ్డంగా గీకితే గోరుకు తట్టుకుంటుంది. అది పక్కన పెట్టండి. భుజం దగ్గర ముడత పడినట్టు ఉంటే అది మెషిన్లో నలిగిన తూటా, అదీ పక్కనే. గోరంత చిన్న సొట్ట ఒంటి మీద ఉంటే దానికి భయపడాల్సిన పని లేదు, కానీ సొట్టలో పదునైన మడత ఉంటే కాల్చొద్దు.

కొన్ని తూటాల మెడ, భుజం దగ్గర నీలం ఊదా కలిసిన నీడ మాదిరి రంగు ఉంటుంది. మావాళ్ళు చానామంది దాన్ని చూసి కాలిపోయింది, పాతది అని వెనక్కి ఇచ్చేస్తారు. అది చెడు కాదు, మెడను మెత్తబరచడానికి పెట్టిన వేడి గుర్తు. మిలిటరీ తూటాల్లో దాన్ని అట్లే వదిలేస్తారు, సివిల్ తూటాల్లో చానా కంపెనీలు పాలిష్ చేసి పోగొడతాయి. నాకైతే ఆ రంగు కనిపిస్తే మనసుకు ధైర్యం, వేడి పెట్టినారు అని తెలుస్తుంది కదా.

తర్వాత అడుగు. క్యాప్ కేసు అడుగు కంటే వెంట్రుక వాసి లోపలికి ఉండాల, పైకి రాకూడదు. అద్దం ముక్క మీద తూటాను నిటారుగా నిలబెట్టండి, క్యాప్ పైకి ఉంటే తూటా కుదురుగా నిలబడదు, ఊగుతుంది. ఎందుకింత పట్టింపు అంటే, పైకి ఉన్న క్యాప్‌ను పిన్ కొట్టినప్పుడు ఆ దెబ్బ క్యాప్‌ను లోపలికి తోయడానికే సరిపోతుంది, పేలదు. ఇంకో రకం ప్రమాదం, ఆటోమేటిగ్గా లోడయ్యే ఆయుధాల్లో బోల్టు వచ్చి కొట్టుకున్నప్పుడే పేలొచ్చు. క్యాప్ ఒక పక్కకు వాలి ఉన్నా, గుంట మాదిరి లోపలి భాగం బయటికి కనిపించినా అంటే తలకిందులుగా ఉన్నా, అసలు క్యాపే లేకున్నా సరే, పక్కన పెట్టేయండి. నవ్వద్దు, క్యాప్ లేని తూటా సీలున్న డబ్బాలో నేను కళ్ళారా చూసినా.

అదే అద్దం మీద తూటాను పడుకోబెట్టి వేలితో దొర్లించండి, బుల్లెట్ మొన వైపు చూడండి. మొన ఒకే చోట నిలిస్తే బుల్లెట్ నిటారుగా కూర్చున్నట్టు, చిన్న సున్నా చుడతా ఉంటే వంకర. వంకరది ప్రమాదం కాదు, గురి చెడుతుంది, దాన్ని మ్యాచికి కాకుండా ప్రాక్టీసుకు వాడుకోవచ్చు. పది తూటాలు వరుసగా నిలబెట్టి మొనలు ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి, ఒకటి మిగతావాటికంటే పొట్టిగా ఉంటే బుల్లెట్ లోపలికి దిగిపోయింది, దాన్ని ప్రమాదం కిందే లెక్క పెట్టండి, లోపల చోటు తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. బుల్లెట్‌ను వేళ్ళతో మెల్లగా తిప్పి చూడండి, తిరిగిందంటే వదులు, పక్కకు పెట్టేయండి. బలంగా మెలితిప్పద్దు, కోడిగుడ్డు పట్టుకున్నంత పట్టు చాలు.

ఛాంబర్లో పడుతుందా లేదా అని ఇంట్లో రైఫిల్లో పెట్టి చూడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయొద్దు. అది రేంజిలో, బ్యారెల్ బుల్లెట్లను ఆపే మట్టి గట్టు వైపు ఉన్నప్పుడే.

బరువు తూచేది, కొలిచేది

బంగారం తూచే చిన్న డిజిటల్ తూకం ఉంటే మంచిదే, కానీ దాని మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. .22 తూటా మొత్తం మూడు గ్రాముల పైచిలుకు ఉంటుంది, అందులో బుల్లెట్ ఒక్కటే మామూలుగా 40 గ్రెయిన్లు అంటే దాదాపు 2.6 గ్రాములు, మందు గ్రాములో పదో వంతు చుట్టుపక్కల. బుల్లెట్టూ కేసూ బరువుల్లో ఉండే చిన్న చిన్న తేడాల్లో సగం మందు తక్కువైన సంగతి కలిసిపోతుంది. అసలు మందే లేని తూటా ఒక్కటి మిగతావాటికంటే బాగా తేలిగ్గా వస్తే దొరకొచ్చు. .315లో మందు ఎక్కువే కానీ కేసు, బుల్లెట్ కూడా అంతే బరువు కాబట్టి అదే కథ. తూకంలో బాగుంది కాబట్టి తూటా బాగుంది అని ఎవరైనా చెప్తే వినొద్దు. చెవి దగ్గర పెట్టి ఊపితే మందు చప్పుడు వినపడాల అనేవాళ్ళు ఉంటారు, నిండుగా పోసిన తూటాలో చప్పుడు రాదు, అదీ వట్టిదే.

.22 మ్యాచ్ కాల్చేవాళ్ళకు ఒక కొలత పనికొస్తుంది, రిమ్ మందం, అంటే అడుగు అంచు మందం. అది 0.91 నుంచి 1.09 మిల్లీమీటర్ల లోపల ఉండాల, డిజిటల్ వెర్నియర్‌తో యాభై తూటాలు కొలిచి ఒకే మందం ఉండేవి ఒక గుంపు చేసి కాలిస్తే పిన్ దెబ్బ సమానంగా తగులుతుంది. నా మటుకు నాకు దీనికంటే లాట్ టెస్టింగే మేలు. 50 మీటర్ల రైఫిల్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, తూటా తేడా దాంట్లో దాక్కోలేదు. ఒకే కంపెనీ రెండు మూడు లాట్‌లు తెచ్చి, రైఫిల్‌ను గట్టిగా రెస్టు మీద పెట్టి పదేసి కాల్చి చూడండి. చిల్లులు నిలువుగా పైకీ కిందికీ చెదిరితే ఆ లాట్‌లో వేగం తూటా తూటాకీ మారుతున్నట్టు అనుమానించొచ్చు. ఏది గుండ్రంగా దగ్గరగా పడుతుందో ఆ లాట్ మీ లైసెన్సు ఒప్పుకున్నంత తెచ్చి పెట్టుకోండి. రైఫిల్ మారితే మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

దాచిపెట్టేది, ఇక్కడే మన పక్క ఎక్కువ పాడయ్యేది

మూడు నాలుగేళ్ళ కింద పుంగనూరు పక్క ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చినాడు, .315 తూటాలు గుడ్డలో మూట కట్టుకొని. "నాయనా, కొన్నప్పుడు బంగారం మాదిరి ఉన్నింటివి, ఏం రోగమొచ్చిందో చూడు" అన్నాడు. ఒక్కటి కూడా కాల్చలేదు. భూతద్దం పెట్టి చూస్తే ఏడెనిమిది తూటాల మెడ మీద సన్నటి బీటలు, ఒకదానికి బుల్లెట్ వేలికే ఊగతా ఉంది. "పెదనాయనా, ఇవి యాడ పెట్టినావు?" అంటే, ఇంట్లోనే, పెట్టెలోనే అన్నాడు. నమ్మకం కుదరక నేనే పోయి చూసినా. ఆ గది గోడకు ఆనుకొనే ఆవుల కొట్టం, మధ్యలో కిటికీ, లోపలికి పోతే ఆవు మూత్రం ఘాటు ముక్కు పుటాల్ని గుచ్చింది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

ఇది కొత్త రోగం కాదు, మన దేశంలోనే మొదట బయట పడింది. ఇంగ్లీషోళ్ళ కాలంలో వానాకాలం సైన్యం కదలికలు తగ్గించి, తూటాలను గుర్రపు లాయాల్లో దాచేవాళ్ళు, వానలు పోయినాక తీస్తే కేసులు పగిలి ఉండేవి. వానల సీజన్లో పగులుతాయి కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు వచ్చిందంటారు. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చినారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాల్లో తేమ, వాటికి తోడు తయారీలో లాగి నొక్కినప్పుడు ఇత్తడి లోపలే మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే ఇత్తడి దానంతట అదే చీలుతుంది. ఫ్యాక్టరీలో సరైన వేడి పెట్టి ఆ ఒత్తిడి తీసేస్తే ఈ బాధ తగ్గుతుంది. అంటే చూడండి, వేడి సరిగ్గా పెట్టని లాట్ కొన్నరోజు మెరుస్తానే ఉంటుంది, లోపం ఫ్యాక్టరీది, అది బయట పడేది మాత్రం మన ఇంట్లో, కొట్టం పక్కన, కార్తీక మాసం వానల్లో. పాడి లేని ఊరే లేని మా జిల్లాలో ఇది ప్రతి లైసెన్సుదారూ తెలుసుకోవాల్సిన సంగతి.

కాబట్టి తూటాలు కొట్టానికి, ఎరువుల మూటలకు, ఫినాయిల్ యాసిడ్ పెట్టే బాత్రూముకు దూరంగా పెట్టండి. రబ్బరు బిగింపు ఉన్న స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, కంపెనీ డబ్బాతో సహా పెట్టి తాళం వేయండి. తోలు బెల్టులో దోపి ఉంచొద్దు, తోలులో ఉండే యాసిడ్లకు ఇత్తడి చిలుము పడుతుంది, పచ్చగా పిండి మాదిరి. ఆ చిలుము పొడిగుడ్డతో తుడిస్తే పోయి కింద నున్నగా ఉంటే పర్వాలేదు, కింద గుంటలు పడి ఉంటే ఆ తూటా పని అయిపోయింది.

శుభ్రం చేసే పేరుతో పాడు చేసేది ఇంకో పక్క. పూజ సామాన్లు తోమినట్టు చింతపండు పెట్టి తోమినోళ్ళను చూసినా, ఇత్తడి పాలిష్ పెట్టినోళ్ళను చూసినా, కొబ్బరి నూనె రాసి పెట్టినోళ్ళను చూసినా. పాలిష్‌లలో కొన్నిట్లో అమ్మోనియానే ఉంటుంది. నూనె క్యాప్ సందులోంచి లోపలికి దిగితే మసాలా చచ్చిపోతుంది, పైగా నూనె పూసిన కేసు ఛాంబర్ గోడను పట్టుకోక దెబ్బంతా బోల్టు మీద పడుతుంది. పొడి మెత్తటి గుడ్డ తప్ప ఇంకేదీ తాకించొద్దు.

ఎండ కూడా శత్రువే. మే నెలలో రేణిగుంట రోడ్డులో పార్కు చేసిన కారు లోపల ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, మందు వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది, ఎక్కువ కాలం వేడిలో ఉంటే మందే చెడుతుంది. కార్లో మర్చిపోయే అలవాటు ఉన్నోళ్ళకు ఇంకో తంటా, ఆ కారుతోనే కొండకు బయల్దేరితే అలిపిరి చెకింగ్‌లో ఏం సమాధానం చెప్తారు.

2021 నవంబరులో తిరుపతిలో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు కొందరి తూటాలు తడిసినాయి. ఎండలో ఆరబెడితే సరిపోతుందా అని ఫోన్లు. క్యాప్ చుట్టూ లక్క సీలు ఉండే తూటాలు బతకొచ్చు, కానీ ఏది బతికింది ఏది చచ్చింది బయట నుంచి ఎవరూ చెప్పలేరు. సగం తడిసిన మందు పేలకపోవడం కంటే సగం పేలడమే ప్రమాదం, బుల్లెట్ మధ్యలో ఆగిపోతుంది. మునిగినవి మొత్తం అప్పజెప్పేయండి, డబ్బు చూసుకోవద్దు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్నవి కూడా పైన చెప్పిన అద్దం పరీక్ష మళ్ళీ చేసినాకే వాడండి. బ్యాంకు గార్డు అన్నలకు ఒక్క మాట, పొద్దున లోడ్ సాయంత్రం అన్‌లోడ్ అని అవే రెండు కాట్రిడ్జ్‌లు ఏళ్ళ తరబడి తిప్పుతుంటారు, వాటి అంచు వంగిపోయి, మూతి మడత తెరుచుకొని, తేమకు ఉబ్బి ఉంటాయి, అడిగి మార్పించుకోండి.

రేంజిలో చెవులు చెప్పేది వినండి

ట్రిగ్గర్ నొక్కినారు, 'క్లిక్' మనింది, పేలలేదు. కదలొద్దు. బ్యారెల్ గట్టు వైపే ఉంచి, బోల్టు ముట్టుకోకుండా కనీసం 30 సెకన్లు ఆగాల, నేనైతే నిమిషం లెక్క పెట్టిస్తా. మందు నెమ్మదిగా అంటుకొని ఆలస్యంగా పేలేవి ఉంటాయి, దాన్నే హ్యాంగ్ ఫైర్ అంటారు, బోల్టు సగం తెరిచినప్పుడు పేలితే కేసు ముక్కలు మొహం మీదికే. నిమిషం అయినాక మొహం పక్కకు పెట్టి బోల్టు తెరిచి ఆ తూటా తీయండి.

తీసి దాని అడుగు చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. క్యాప్ మీద పిన్ గుంట లోతుగా, మధ్యలో పడి కూడా పేలకపోతే తప్పు తూటాది. గుంట పైపైన గీసినట్టు ఉంటే ముందు మీ రైఫిల్‌ను అనుమానించండి, స్ప్రింగు నీరసించి ఉండొచ్చు, బోల్టు లోపల పాత గ్రీజు గడ్డ కట్టి ఉండొచ్చు. అయితే క్యాప్ పైకి ఉన్న తూటాలో కూడా గుంట తేలిగ్గా పడుతుంది, అందుకే ఇంట్లో అద్దం పరీక్ష చేసి ఉంటే ఇక్కడ తికమక ఉండదు. .22లో అంచు మీద దెబ్బ గట్టిగా పడి పేలకపోతే మసాలా అక్కడ లేదని అర్థం.

'టుస్' మనింది, లేదా భుజానికి తన్ను రాలేదు, లేదా పొగ ఎక్కువ వచ్చింది, లేదా టార్గెట్ మీద చిల్లు లేదు. వీటిల్లో ఏ ఒక్కటి జరిగినా కాల్పులు ఆపేయండి. పక్కనోడు "తగల్లేదేమోలే, ఇంకోటి కాల్చు" అన్నా వినొద్దు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, బోల్టు తీయగలిగిన రైఫిల్ అయితే తీసి, వెనక నుంచి బ్యారెల్లో వెలుతురు చూడండి. వెలుతురు రాకపోతే బుల్లెట్ లోపలే ఉంది. దాన్ని ఇంకో తూటాతో కొట్టి తోసేద్దాం అనే ఆలోచనే రాకూడదు, ఆర్మరర్ దగ్గరికో లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికో పోవాల. పోటీల్లో, టైము పెట్టి కాల్చేటప్పుడు ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది, చేయి అలవాటుగా బోల్టు లాగేస్తుంది. మా పిల్లోడికి ఇప్పుడు ఖాళీ రైఫిల్‌తో నేను నోటితో 'టుస్' అంటే చెయ్యి ఆపే ప్రాక్టీసు చేయిస్తా, వారానికోసారి.

తూటా ఛాంబర్లోకి పోకుండా ఇరుక్కుంటే బోల్టును అరచేత్తో గుద్ది మూయొద్దు. అది పక్కన పెట్టి ఇంకోటి పెట్టి చూడండి. ఒకటే ఇరుక్కుంటే తూటా తప్పు, అన్నీ ఇరుక్కుంటే ఛాంబర్ మురికి.

ఖాళీ కేసులు ఏరుకొని చదవండి

కాల్చి వెళ్ళిపోవద్దు. మెడ చీలిన ఖాళీ కేసు ఒకటి దొరికితే రాసుకోండి, అదే లాట్‌లో ఇంకో రెండు మూడు దొరికితే ఆ లాట్ ఆపేయండి. క్యాప్ చుట్టూ నల్లటి మసి వలయం ఉంటే గ్యాస్ వెనక్కి కారింది. క్యాప్ నలిగి పూర్తిగా చదునైపోయి, దానికి తోడు బోల్టు ఎత్తడానికి బలం పెట్టాల్సి వస్తే ప్రెషర్ ఎక్కువ, వెంటనే ఆపాల. కేసు అడుగుకు కొంచెం పైన చుట్టూరా మెరిసే ఉంగరం లాంటి గీత కనిపిస్తే కేసు అక్కడ తెగబోయిందని, కొత్త ఫ్యాక్టరీ తూటాలో అది కనిపిస్తే చానాసార్లు రైఫిల్ అరిగి హెడ్ స్పేస్, అంటే ఛాంబర్లో తూటాకు బోల్టుకు మధ్య ఉండే సందు, పెరిగిపోయిందని అర్థం, తాతల నాటి .315లకు ఇది ముఖ్యంగా చూపించుకోండి. మెడ మీద కొంచెం మసి మామూలే, దానికి కంగారు వద్దు.

నోట్‌బుక్, డీలర్, పనికిరాని తూటాలు

ఒక యాభై పేజీల నోట్‌బుక్ చాలు. తేదీ, లాట్ నంబరు, ఎన్ని కాల్చినారు, ఎన్ని తేడా, ఏం తేడా. రెండు లాట్‌లు ఒకే డబ్బాలో కలపొద్దు, కలిపితే ఈ నోట్‌బుక్కు అర్థమే లేదు. విదేశాల్లో కంపెనీలు మందు తేడా వచ్చిన తూటాలను లాట్ నంబరు చెప్పే వెనక్కి పిలుస్తాయి, లాట్ రాసుకోనోడికి ఆ పిలుపు అందదు.

తేడా వస్తే డీలర్ దగ్గరికి బిల్లు, డబ్బా, మిగిలిన తూటాలు, ఖాళీ కేసుల ఫోటోలు తీసుకొని పోండి. "మీ తూటాలు బాగలేవు" అంటే ఎవరూ వినరు, "ఈ లాట్‌లో యాభైలో నాలుగు పేలలేదు, పిన్ గుంటలు ఇవిగో, అదే రైఫిల్లో వేరే లాట్ యాభైకి యాభై పేలినాయి" అంటే వింటారు. రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. నేను 'టుస్' మన్న డబ్బాకు అట్లే ఇచ్చినా, మొదట ఒప్పుకోలేదు, మూడో సారికి డబ్బా మార్చినారు.

పేలని తూటాను చెత్తబుట్టలో, స్వర్ణముఖిలో, బావిలో పారేయొద్దు, చెత్త కాల్చేవాళ్ళు, ఇనుప సామాన్లు ఏరుకునే పిల్లోళ్ళు వాటికి బలవుతారు. భూమిలో పూడ్చొద్దు. కొరియర్లో కంపెనీకి పంపొద్దు. విడిగా ఒక చిన్న డబ్బాలో, మీద పెద్ద అక్షరాలతో 'పేలనివి' అని రాసి తాళం వేసి పెట్టి, లైసెన్సు చూపించి డీలర్‌కో మీ పోలీస్ స్టేషన్‌కో అప్పజెప్పి, ఎన్ని ఇచ్చినారో రసీదు తీసుకోండి, ఆ లెక్క రేపు రెన్యువల్ అప్పుడు మీ బుక్కుతో సరిపోవాల.